మిగులు

ఏటా ఏప్రిల్లో, వాగా వాగాలో,
బేలిస్ వీధి చివర మా పాత టాకీసులో
వారం రోజులు ఒకటే సినిమా.
నలుపూ తెలుపూ. పేరు ‘ఏడో నంబరు వంటశాల’.
టికెట్లు చింపేదాన్నీ నేనే,
ఆట వదిలాక పాప్‌కార్న్ ఊడ్చేదాన్నీ నేనే.
ఆరేళ్ళలో ముప్పైసార్లయినా చూసి ఉంటాను,
తలుపు దగ్గర నిలబడి, చీపురుకర్ర మీద గడ్డం ఆనించి.

అందులో ఫిరంగులు కనపడవు. వినపడతాయంతే,
పక్కింట్లో ఎవరో బీరువాలు జరుపుతున్నట్టు.
కనపడేదల్లా ఒక వంటవాడు.
కందకం వెనక, మోకాటిలోతు బురదలో,
పొద్దున్నే లెక్కపెట్టి రొట్టెలు కాలుస్తాడు.
రాత్రికి మళ్ళీ లెక్కపెడతాడు.

కల్నల్ వచ్చి అడుగుతాడు,
“ఇవాళ యుద్ధం ఎలా జరిగింది?”
“పదకొండు రొట్టెలు మిగిలాయి దొరా.”

అక్కడ హాలంతా ఊపిరి బిగబట్టుకుంటుంది, ఏటా.

ఇంకోచోట, ముళ్ళకంచెలో చిక్కిన కుర్రాణ్ణి చూపించి
“వాడు శత్రువు” అంటాడు సార్జెంటు.
గరిటె తిప్పడం ఆపకుండానే వంటవాడు
“వాళ్ళమ్మ ఏమని పిలుస్తుందో?” అంటాడు.
దీనికి మాత్రం కొందరు నవ్వుతారు.
మొదటిసారి నేనూ నవ్వాను.
సంతలో వంకాయల ధర అడిగినట్టు అంటాడు మరి.

మూడో వరుసలో గోడవైపు కుర్చీ డెస్మండ్ కీలీది.
ఆయనకి ఇరవయ్యేళ్ళు నిండే ఏడు
సర్కారువాళ్ళు పీపాలో గోళీలు పోసి తిప్పారట,
గోళీకో పుట్టినరోజు.
ఆయన గోళీ పైకొచ్చింది. వియత్నాం వెళ్ళాడు.
పక్కింటి నెవిల్ అర్ధరాత్రి దాటిన పావుగంటకి పుట్టాడు,
వాడి గోళీ పీపాలోనే ఉండిపోయింది.
ఇప్పుడు వాడికి తొమ్మిదివందల గొర్రెలు, మోకాళ్ళ నొప్పులు.
‘పావుగంట’ అనే మాటని డెస్మండ్
ఒక మనిషి పేరులా పలుకుతాడు.

నాకు తెలిసిన గోళీలాటలో
ఓడినవాడు మోచేత్తో గోళీని గుంటదాకా నెట్టాలి.
చర్మం దోక్కుపోయేది. అమ్మ పసుపు అద్దేది.
అంతకంటే పెద్ద ఓటమి నాకు తెలీదు.

ఈసారి ఆట వదిలినా ఆయన లేవలేదు.
ఆయన పాదాల చుట్టూ ఊడ్చి,
ఊరికే ఉండలేక అన్నాను:
“మీ భాషలో రొట్టె మిగిలితే ఒక మాట,
మనిషి మిగిలితే వేరే మాట.
మా తెలుగులో రెంటికీ ఒకటే.”
“ఏదీ, చెప్పు.”
“మిగిలింది. మిగిలాడు.”
వేడి దుంప నోట్లో పడ్డట్టు అటూ ఇటూ తిప్పుకుని
“మిగిలా” అన్నాడు.
మళ్ళీ “మిగిలా.”
తోక తెగిన ఆ మాట
ఆయన గురించి ఆయనే చెప్పుకున్నట్టయిందని
ఆయనకి తెలీదు.
నేను దిద్దలేదు.

చేతికర్ర వెతికి ఇచ్చాను. వెళ్ళిపోయాడు.

వెనక వరుసల్లో కపూకా శిబిరం కుర్రాళ్ళు కూర్చున్నారు ఇవాళ,
శనివారం సెలవు.
కొత్తగా గొరిగిన మెడలు, ఎండ తగలని తెలుపు.
వంటవాడు జారిపడ్డప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది వాళ్ళే.
పదకొండు రొట్టెల దగ్గర
ఒకడు పక్కవాడి చేతి గడియారం చూశాడు.

వాళ్ళ వరుస ఊడుస్తుంటే
కుర్చీ కింద ఒక డబ్బా. నిండుగా ఉంది.
ఒక్క గింజ కూడా తీసినట్టు లేదు.

చీపురు పారేసి పరిగెత్తాను.
ఒట్టి పాప్‌కార్న్ కోసం, ఏడు డాలర్ల పాప్‌కార్న్ కోసం,
“బాబూ” అని తెలుగులోనే అరిచాను వీధి మధ్యలో.
బస్సు అప్పటికే మలుపు తిరిగింది.
కరెంటు తీగ మీద మాగ్‌పై ఒకటి నా వైపు చూసింది.

డబ్బా తెచ్చి కౌంటర్ కింద పెట్టాను.
“రేపటికి మెత్తబడుతుంది, పారెయ్యి” అంది మేనేజర్ లోరెయిన్.

రేపు చూద్దాంలే అన్నాను.